మా ఆయన కారు, నా నోటి చప్పుళ్లు

మా ఆయన సంజీవయ్యకు చెవులు మందగించి రెండేళ్లు దాటింది. ఎంతగా మందగించాయో నంద్యాలలో తెలిసింది చెవుల డాక్టరుకూ నాకూ మాత్రమే. మా అబ్బాయి వినీత్‌కు అనుమానం. మా ఆయనకు కూడా పూర్తిగా తెలియదని నాకు తర్వాత అర్థమైంది.

ఎదురుగా నిలబడి, పెదాలు కనిపించేలా గట్టిగా మాట్లాడితే అందుకుంటాడు. పక్కకు తిరిగి చెప్పామంటే గోడకు చెప్పినట్టే. డాక్టరు చెవికి మిషన్ ఇచ్చాడు. ఇంట్లో పరవాలేదు గానీ, కారెక్కితే అది ఇంజిన్ రొద తప్ప ఇంకేమీ వినబడనివ్వదు. ఒక్క పూట పెట్టుకుని, "ఇదేందీ, చెవులో పిండి మర పెట్టినట్టుండాది" అని తీసి డబ్బాలో పడేశాడు. మళ్లీ ముట్టలేదు.

ఆయన నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా చాగలమర్రికి బస్సు తోలిన మనిషి. తక్కిన డ్రైవర్లు డ్యూటీ దిగి "బ్రేకు బాగలేదు" అని ఒక మాట పడేసి తువ్వాలు దులుపుకుని ఇంటికి పోతే, ఈయన నిలబడి "వెనక కుడి చక్రం చూడండప్పా, లోపలి పక్క అరిగింది" అని చెప్పి పోయేవాడు. మెకానిక్కులు విప్పితే అది అక్కడే ఉండేది. ఆయన వేలు పెట్టి చూపిన చోట తప్పు లేకపోవడం నేనెప్పుడూ చూడలేదు, కూరలో ఉప్పు విషయంలో తప్ప.

రిటైరయ్యాక ఒక పాత తెల్ల కారు కొన్నాడు. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటే, కొత్తదానికి జబ్బులేముంటాయి, దాంతో నాకేం పొద్దుపోతుంది అన్నట్టు చూశాడు. దానికి రోజూ ఏదో ఒక జబ్బు. ఈయనకు రోజూ పండగే. బ్రేకు పెడల్ మెత్తగా దిగి, రెండోసారి తొక్కితే గట్టిపడిందనుకోండి, పైపుల్లో గాలి చేరిందంటాడు. తొక్కి పట్టుకున్నా పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే మాత్రం మొహం మారిపోతుంది. అది మాస్టర్ సిలిండర్ పని, దాంతో గేటు కూడా దాటకూడదు. ఒకసారి మా పాస్టరు అయ్యగారు కారు ఎదురుగా వస్తుంటే, పలకరించడం మానేసి దాని వెనక పొగ వైపు చూస్తూ నిలబడ్డాడు. "వందనాలు సంజీవయ్యా" అని అయ్యగారంటే, "ఇంజిన్ ఆయిలు తాగుతాండాదయ్యగారూ, పొగ నీలంగా ఉండాది" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వారమే ఆ కారు షెడ్డుకు పోయింది, అది వేరే సంగతి.

చెవులు మందగించాక ఈ వైద్యమంతా ఆగిపోవాల్సింది. ఆగలేదు. దానికి కారణం నేను.

మా వైపు మెకానిక్ దగ్గరకు పోయి ఎవరూ ఫలానా భాగంలో లోపం అని చెప్పరు. నోటితో చప్పుడు చేసి చూపిస్తారు. గుంతలో పడితే "టడక్" అంటుందనీ, మలుపు తిప్పితే "టిక్ టిక్ టిక్" అంటుందనీ, పెద్ద పెద్ద మీసాలున్న రైతులు కూడా మెకానిక్ ముందు నిలబడి మూతి సున్నా చుట్టి "గుర్ర్ర్" అంటారు. మెకానిక్ చెవొగ్గి విని, ఇంకోసారి అనన్నా అంటాడు. మా ఆయనకు ఆ చప్పుళ్లు ఇక అందవు కాబట్టి, నేను పక్క సీట్లో కూర్చుని కారు ఏమంటే అదే నోటితో అనడం మొదలుపెట్టాను. ఆయన వైపు తిరిగి, పెదాలు కనిపించేలా, ఆయన చెవి దగ్గర. ముప్పై ఏళ్లు చర్చి క్వైర్‌లో పాడిన గొంతు నాది. అక్కడ నన్ను వెనక వరసలో నిలబెట్టారు గానీ, ఈ కార్లో నేనే ముందు.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే "కీఁ" అని అరిచింది ఒకనాడు. నేనూ అరిచాను.

"ఒకే లెక్కన అంటాండాదా, మొదలై ఆగిపోతాండాదా?" అని అడిగాడు.

"కాసేపు కీఁ అని, తర్వాత లేదు."

"ఇంకోసారి అను."

అన్నాను. ఎదురింటి మేరీ బయటికొచ్చి, ఏమైందక్కా, కొట్టుకుంటాండారా అని అడిగింది. ఫ్యాన్ బెల్టు వదులైంది తల్లీ అని చెప్పాను. మధ్యాహ్నానికి బెల్టు బిగించాడు. చప్పుడు పోయింది. నా నోట్లోంచి వచ్చిన కూతను బట్టి బెల్టు దాకా పోయిన ఆ మనిషి తెలివికి నేను లోపల్లోపల పొంగిపోయాను, పైకి మాత్రం మసి చేతులతో తువ్వాలు ముట్టొద్దని కసిరాను.

హారన్ల సంగతి వేరు. వెనక నుంచి ఎవరైనా హారన్ కొడితే నోటితో చెప్పే తీరిక ఉండదు. అందుకని ఆయన ఎడమ తొడ మీద రెండు వేళ్లతో తట్టేదాన్ని. ఒకసారి తడితే వెనక బండి ఉందని. రెండుసార్లు తడితే పక్క సందులోంచి ఎవరో వస్తున్నారని. ఇట్లా చేద్దామని మేమిద్దరం ఎప్పుడూ అనుకోలేదు. అదే అలవాటైపోయింది. నేను తట్టడం, ఆయన తప్పుకోవడం, నా చీర కొంగు కింద ఎవరికీ కనిపించకుండా జరిగిపోయేది. దీన్ని మోసమంటే అనండి. నలుగురి మాటలు అందక టీ కొట్టుకు పోవడం మానేశాడు. చర్చి కమిటీలో పేరు తీయించుకున్నాడు. ఇంటికెవరైనా వస్తే వెనక వరండాలోకి పోతాడు. స్టీరింగ్ ముందు కూర్చున్నప్పుడే ఆయన మళ్లీ ఆ చాగలమర్రి బస్సు సంజీవయ్య. కారు కూడా పోతే ఇంట్లో మంచానికి ఇంకో మంచం తోడైనట్టే ఉంటుంది. నాకు అది వద్దు.

వినీత్ మంచి పిల్లవాడు, కాకపోతే తండ్రి లాగే తప్పు కనిపిస్తే వదలడు. ఆళ్లగడ్డ చర్చిలో కోత పండగకు వారం ముందు వంటింట్లో నన్ను నిలదీశాడు.

"అమా, నిజం చెప్పు. నాయనకు హారన్ ఇనపడ్తాండాదా?"

"నీకంటే బాగా ఇనపడ్తాండాది, పో."

"అట్లయితే ఆదివారం ఆళ్లగడ్డకు నేనూ వస్తా. వెనక సీట్లో కూచుంటా. నాకు భయం కాలేదంటే మళ్లా ఆ మాట ఎత్తను. అయ్యిందంటే బండి అమ్మేద్దాం. శిరివెళ్లలో ఒకాయన అడుగుతాండాడు."

మా ఆయనకు ఈ మాట చెప్పాల్సింది నేనే. ఎదురుగా నిలబడి చెప్పాను. ఆయన "రానీ" అన్నాడు.

ఆదివారం పొద్దున వినీత్ వెనక సీట్లో కూర్చున్నాడు. పక్కన గుమ్మడికాయ, సోనా మసూరి బియ్యం మూట, ఒళ్లో కాళ్లు కట్టేసిన కోడిపెట్ట. కోత పండగకు మా చర్చీల్లో పంటలో మొదటి భాగం తెచ్చి దేవుని ముందు పెడతారు, ఆ తర్వాత వేలం వేస్తారు. ఆ కోడి నా కానుక. వినీత్ దాన్ని పట్టుకున్న తీరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు రాలేదు.

మా ఆయన తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకుంది గానీ కుదురుగా లేదు, కారంతా సన్నగా వణికింది. ఆయన బానెట్ ఎత్తి, పొడి గుడ్డ చేత్తో పట్టుకుని, ప్లగ్గుల వైర్లలో ఒకదాన్ని పీకాడు. కారు మీద ఆనించిన రెండో చేతికి తెలిసేలా ఇంజిన్ ఇంకా తడబడింది. పెట్టేశాడు. ఇంకోటి పీకాడు. ఇంజిన్‌లో తేడా ఏమీ రాలేదు.

"ఇదే," అన్నాడు, కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తున్న వినీత్‌తో. "పనిచేసే దాన్ని పీకితే బండి తల్లడిల్లాల. పీకినా తేడా రాలేదంటే, అది ముందే పని మానేసింది."

ఆ ప్లగ్గు విప్పి, మసి గీకి, మళ్లీ బిగించాడు. ఇంజిన్ పిల్లి కూర్చున్నట్టు కూర్చుంది. అద్దంలోంచి వినీత్ కళ్లు చూశాను. మెచ్చుకుంటున్నాడు.

శిరివెళ్ల దాకా బాగానే పోయాం. వెనక లారీ హారన్ కొట్టింది, నా వేళ్లు కదిలాయి, ఆయన పక్కకు జరిగాడు. ట్రాక్టరు సందులోంచి దూసుకొచ్చింది, రెండుసార్లు తట్టాను, నెమ్మదించాడు. వినీత్ సీటుకు చేరగిలబడ్డాడు. శిరివెళ్ల దాటాక మాత్రం నాకు కింది నుంచి సన్నగా "సుయ్ సుయ్" అని వినిపించింది. ఆయన వైపు తిరిగి అదే కూత కూశాను.

"బ్రేకు తొక్కితేనా, తొక్కకపోయినా?"

"తొక్కకపోయినా."

ఆయన ఒక్క క్షణం స్టీరింగ్ వదులుగా పట్టుకుని చూశాడు. కారు ఎడమ వైపుకు లాగింది. ముక్కు ఎగబీల్చి, "వాసన వస్తాండాదా?" అన్నాడు. అప్పుడు మాకూ తెలిసింది, ఏదో కాలుతున్న వాసన. రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

దిగి ఒక్కో చక్రం దగ్గరా వంగి, చేతి వెనక పక్క దగ్గరగా పెట్టి చూసుకుంటూ వచ్చాడు. ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి లాగేసుకున్నాడు. జాకీ పెట్టి లేపి తిప్పబోతే చక్రం కదల్లేదు.

"బ్రేకు పట్టుకుపోయింది నాయనా," అన్నాడు వినీత్, ఆయన ఎదురుగా వచ్చి.

"పట్టుకుంది, నిజమే. ఎందుకు పట్టుకుందో తెలుసుకోవాల. లోపల పిస్టన్ తుప్పు పట్టిందా, ఆయిలు వెనక్కి పోలేకుండా నిలబడిపోయిందా?"

చిన్న స్పానరు తీసుకుని, బ్రేకులోంచి గాలి తీసే నట్టును కొంచెం వదులు చేశాడు. బ్రేకు ఆయిలు చిమ్మింది. ఆయన కాలితో చక్రాన్ని తట్టాడు. గిర్రున తిరిగింది. రోడ్డు పక్కన ఎండలో ఆ చక్రం అట్లా తిరుగుతుంటే నేను చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను.

"పిస్టనే తుప్పయితే నట్టు వదిలినా ఇది తిరగదు," అన్నాడు. "తిరిగిందంటే పిస్టన్ మంచిదే. తొక్కితే ఆయిలు పోతాండాది, వదిలితే తిరిగి రాలేకపోతాండాది. ఈ రబ్బరు పైపు లోపల ఉబ్బి మూసుకుంది. పైకి చూస్తే కొత్తదాని లెక్క ఉండాది, నమ్మొద్దు."

వినీత్ ఆ పైపును పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పైకి నిజంగానే ఏమీ లేదు. "ఇట్లాంటిది నేనైతే నాలుగు చక్రాలూ విప్పిస్తా అమా," అన్నాడు నాతో, చిన్నగా. వాడి గొంతులో ఆ మాట వినడం కోసం నేను ఇంకో పది కోళ్లు కానుక ఇచ్చేదాన్ని.

అక్కడి నుంచి బ్రేకు ముట్టకుండా గేర్ల మీదే నెమ్మదిగా ఆళ్లగడ్డకు తెచ్చాడు. చర్చి సందు మొదట్లోనే శ్రీకాంత్ షెడ్డు. శ్రీకాంత్ మంచి పనివాడు, మా ఆయన బస్సు తోలిన రోజుల నుంచీ తెలిసినవాడు. చెప్పింది విని, "పైపే అన్నా, సందేహం లేదు" అని కొత్తది బిగించి, గాలి తీయడం మొదలుపెట్టాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. వినీత్ కోడిని చంకలో పెట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

"అమా, నాదే తప్పు. నాయన బండి తోలుతుంటే ఒక్కసారి కూడా భయం కాలేదు. బండి అమ్మే మాట ఇంక ఎత్తను."

నాకు లేచి ఎగరాలనిపించింది. పోయి, మా ఆయన ముందు నిలబడి, ఆ మాట మోగేలా చెప్పాను. షెడ్డులో అందరికీ వినిపించింది. ఆయన సంతోషపడతాడనుకున్నాను. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, తలూపి, "ట్రయల్ చూసొస్తా" అన్నాడు.

నేను ఎడమ పక్క తలుపు దగ్గరికి పోయాను. ఆయన అడ్డం వచ్చాడు.

"నువ్ ఈడ్నే కూచో."

"ఎందుకయ్యా? నేనూ వస్తా."

"ఈడ్నే కూచోమంటాండా గదా."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ గొంతుతో నాతో మాట్లాడింది తక్కువ. నాకు ఒళ్లు మండింది. ఆయన శ్రీకాంత్‌ను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. శ్రీకాంత్ ముందు వద్దన్నట్టు చేతులూపాడు, తర్వాత తన బైకు తీశాడు. కారు ముందు, బైకు వెనక, అహోబిలం రోడ్డు వైపు పోయారు. ఆ రోడ్డు ఆ పూట ఖాళీగా ఉంటుంది. నేను రోడ్డు మీద నిలబడి, కారు కనిపించినంతసేపూ నా రెండు వేళ్లను రెండో చేత్తో పిసుక్కుంటూ ఉన్నాను.

తిరిగొచ్చాక ఆయన కారు దిగి, శ్రీకాంత్‌ను నా ముందూ వినీత్ ముందూ నిలబెట్టాడు.

"చెప్పప్పా. ఎన్నిసార్లు కొట్టినావ్ హారన్?"

శ్రీకాంత్ చేతిలోని గుడ్డ వైపు చూసి, తలెత్తాడు. "పొయ్యేదారంతా కొడ్తానే ఉంటినన్నా."

"ఇనపడినప్పుడల్లా కిటికీలోంచి చెయ్యెత్తుతా అన్యా గదా. ఎత్తినానా?"

"లేదన్నా."

"ఒక్కసారన్నా?"

శ్రీకాంత్ తల అడ్డంగా ఊపాడు. వినీత్ కోడిని కింద పెట్టాడు. అది షెడ్డు నేల మీద పొర్లింది, ఎవరూ పట్టించుకోలేదు.

"నీకేం పట్టిందయ్యా!" అని నేను అరిచాను. "వాడు ఒప్పుకున్నాడు గదా! ఎవరడిగినారు నిన్ను?"

"నేనే అడుక్కున్నా," అన్నాడు. "నిజంగా కమలా, ఇనపడ్తాండాయనే అనుకున్యా. గట్టి హారన్లన్నా ఇనపడ్తాండాయని. నువ్వు తడ్తాండేది తెల్సు. కానీ నువ్వు తట్టక ముందే నాకు తెలుస్తాండాదనుకునేటోణ్ణి. పొద్దున ప్లగ్గు వైరు పీకి చూసినట్టు, నిన్ను పక్కన పెట్టి చూసినా. నాకు ఇనపడిన హారన్లన్నీ నీ వేళ్లే."

అయినా ఊరుకునే దాన్ని కాదు కదా. "చెవులు ఇనపడనోళ్లు ఎంతమంది తోలడంలేదు! వాళ్లకు లైసెన్సులూ ఇస్తాండారు!"

ఆయన నా పెదాలు చూసి, మాట అందుకుని, నెమ్మదిగా చెప్పాడు. "తోల్తాండారు. వాళ్లు అద్దం చూసి నేర్చుకున్నోళ్లు. నేను చెవితో నేర్చుకున్నోణ్ణి. అద్దం వైపు చూసేది నాకు ఈ జన్మలో అలవాటు కాలే. బండిలో లోపం యాడుండాదో తెలిసినాక దాన్ని రోడ్డెక్కించగూడదు. ఎవురికి చెప్పినా ఇదే చెప్తి. నాకు మాత్రం వేరే ఎట్లయితాది?"

తాళాలు వినీత్ చేతిలో పెట్టాడు. ఇన్ని రోజులు వాడు అడిగింది అదే. ఇప్పుడు చేతిలో పడితే ఏం చేయాలో తెలియక నిలబడిపోయాడు. వాడి కళ్లలో నీళ్లున్నాయి.

నాకు ఆ క్షణంలో వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాలేదు. రెండేళ్లు నేను దాచి కాపాడినదాన్ని ఈ మనిషి తన చేత్తో తీసి అవతల పెట్టాడు. అయినా ఆ కోపంలోనే ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఎందరి బండ్లలోనో లోపం కనిపెట్టినవాడు, తన దగ్గరకొచ్చేసరికి కళ్లు మూసుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కారు. ఆయన మూసుకోలేదు. గెలిచిన పూట, అందరి ముందు, తన మీదే స్పానరు వేశాడు. ఇంత మగవాణ్ణి నేను చేసుకున్నానని, ఏడుపొచ్చి, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

వినీత్ చేతిలోంచి తాళాలు లాక్కున్నాను.

"నేను నేర్చుకుంటా," అన్నాను.

ఆయన నా పెదాల వైపు చూసి, "మళ్లా చెప్పు" అన్నాడు.

"నేను తోల్తా! నువ్వు నేర్పు! చప్పుళ్లు ఎట్లాగూ నేనే ఇంటాండా గదా!" అని ఆళ్లగడ్డ సగం ఊరికి వినిపించేలా చెప్పాను. శ్రీకాంత్ నవ్వాడు. షెడ్డు వెనక లారీలు ఆపుకునే ఖాళీ స్థలం ఉందక్కా, ఇప్పుడే మొదలుపెట్టు అన్నాడు. చర్చిలో గంట కొడుతున్నారు. వినీత్ కోడినీ గుమ్మడికాయనూ తీసుకుని ముందు పోతానన్నాడు గానీ, పోకుండా గోడ పక్కన నిలబడ్డాడు.

శ్రీకాంత్ కారును తెచ్చి ఆ స్థలం మధ్యలో ఆపి దిగాడు. నేను కుడి పక్క తలుపు తీసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాను. కాళ్లు పెడల్స్‌కు అందలేదు, సీటు ముందుకు లాక్కున్నాను. మా ఆయన కారు పైకప్పు మీద చెయ్యేసి కాసేపు నా పక్కనే నిలబడ్డాడు. తర్వాత బానెట్ చుట్టూ తిరిగి అవతలి వైపుకు నడిచాడు.

బస్సులో, లారీలో, ట్రాక్టరు మీద, ఈ కార్లో, ఆ మనిషి బండెక్కడం ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఎడమ పక్క తలుపు తీసుకుని ఎక్కడం మాత్రం నేను అప్పుడే చూశాను. ఎక్కి, సర్దుకుని కూర్చుని, బెల్టు పెట్టుకున్నాడు. నేను తాళం తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ముందు అద్దం చూస్కో, కమలా," అన్నాడు.